సౌండు తక్కువొస్తాంది

పెళ్ళిలో అందరికంటే ఎక్కువ కష్టపడేదెవరని అడిగితే ఒకరు వంటవాళ్ళంటారు, ఇంకొకరు పెళ్ళికూతురి తండ్రంటారు. మిక్సింగ్ చేసేవాడి పేరు ఏ నోటా రాదు. అందులో వింతేమీ లేదు, అతను అసలు పెళ్ళికే రాడు. కెమెరావాళ్ళు ముక్కలు ముక్కలుగా తీసి తెచ్చిన పెళ్ళిని కంప్యూటర్లో వేసుకుని, ఆవలింతలూ అలకలూ కోసిపారేసి, మిగిలినదాన్ని వరసలో పెట్టి, పాటలు కలిపి, మూడు గంటల వీడియోగా చేసి ఇవ్వడాన్ని మా వైపు మిక్సింగ్ అంటారు. ఆదోనిలో పత్తి యార్డు వెనక వీధిలో, ఎరువుల అంగడి పైగదిలో కూర్చుని జాషువా ఇరవై ఏళ్ళ పైబడి చేస్తున్నది ఈ పనే.

చేసి చేసి అతనికి పెళ్ళంటేనే విసుగు పుట్టింది. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే సంతోషం కంటే ముందు మెడనొప్పి గుర్తొస్తుంది. తలంబ్రాలు ఎవరికైనా జీవితంలో ఒక్కసారే. జాషువాకు ముహూర్తాలున్నన్నాళ్ళూ రోజూ తలంబ్రాలే, అదీ ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి చూడాలి. సౌండు పని చేసేటప్పుడు ఫ్యాను చప్పుడు అడ్డమని ఆపేస్తాడు. ఆదోని ఎండల్లో రేకుల కప్పు కింద ఫ్యాను లేకుండా కూర్చోవడమంటే ఏమిటో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

అతనిది చిప్పగిరి దగ్గర పల్లె. తండ్రి పేరు హుసేనప్ప, తల్లి పేరు మారెమ్మ, కొడుకు పేరు జాషువా. పేర్లు వింటే ఆ ఇంట్లో మూడు మతాలున్నాయనిపిస్తుంది గానీ ఉన్నది జొన్నరొట్టె ఒక్కటే, అదీ కూలి దొరికిన రోజున. పదో తరగతి తప్పి ఆదోనికి వచ్చి, లక్ష్మీనారాయణ అనే ఫోటోగ్రాఫరు దగ్గర లైటు పట్టుకునే పనికి కుదిరాడు. పెళ్ళిళ్ళలోనైనా, ఉరుకుంద తిరునాళ్ళలోనైనా, కెమెరా ఎక్కడ నిలబడితే లైటు అక్కడ నిలబడాలి. కెమెరా ఎప్పుడూ మేళం పక్కనో, మైకు డబ్బాల ముందో నిలబడుతుంది. అట్లా ఏళ్ళ తరబడి నిలబడ్డాక, కూర్చుని చేసే పని దొరికిందని సంబరపడి మిక్సింగుకు మారాడు. మారిన రోజు చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లు నిద్రకూ తిండికీ తప్ప తీసింది లేదు.

కొన్నేళ్ళ కిందట ముహూర్తాల మధ్యలో అతని కంప్యూటరు మొరాయించింది. ఒక పెళ్ళి మొత్తం అందులో ఇరుక్కుపోయింది. అడగడానికి ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ లేరు. సీపీయూను తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, రైల్లో హైదరాబాదుకు పోయాడు. అక్కడ ఒకడు ఏవో రెండు బటన్లు నొక్కి పెళ్ళిని బయటికి తీసి, "దీనికోసం అంత దూరం నుంచి వచ్చావా?" అని నవ్వాడు. తిరుగు ప్రయాణమంతా జాషువాకు ఆ నవ్వే. రెండు బటన్ల కోసం ఇంకెవడూ ఇట్లా నవ్వించుకోకూడదని, ఊరికి రాగానే ఫోన్లో 'సీమ మిక్సింగ్ మిత్రులు' అని ఒక గ్రూపు పెట్టాడు.

మొదట అరడజను మంది. ఇప్పుడు తుగ్గలి నుంచి హిందూపురం దాకా, బళ్ళారి తెలుగువాళ్ళతో కలిపి, కొన్ని వందల మంది. వాళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసినవాళ్ళు తక్కువ. ఫోనులో తెలుగు కొట్టడం చాలామందికి చేతకాదు, ఇంగ్లీషులో కొడితే చదివేవాడికి చేతకాదు. అందుకని గ్రూపు మొత్తం గొంతుల మీదే, రికార్డు చేసి పంపుకునే వాయిస్‌ల మీదే నడుస్తుంది. "అన్నా, రెండరు తొంభై తొమ్మిది కాడ నిలబడిపోయిందన్నా" అని, ముక్కలన్నీ ఒక్క వీడియోగా అయ్యే ఆఖరి మెట్టు దగ్గర ఇరుక్కున్న ఒక గొంతు ఏడుస్తుంది. "ఏం భయపడొద్దప్పా, ఆపి, కంప్యూటర్ని సల్లారనీ, మళ్ళా పెట్టు" అని జాషువా గొంతు జవాబు చెప్తుంది. అన్నం ముందు కూర్చున్నా, ప్రార్థనలో కూర్చున్నా ఫోను మోగుతూనే ఉంటుంది. అతని భార్య ఎస్తేరు అంగన్‌వాడీలో ఆయా. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఆమె ఒకటి రెండుసార్లు అని చూసింది, తర్వాత ఊరుకుంది.

ఇట్లాంటి మనిషికి పోయినేడాది నుంచి సౌండు తక్కువ రావడం మొదలైంది.

మొదట ఒక ఫైల్లో అనుకున్నాడు. తర్వాత అన్ని ఫైళ్ళలోనూ అంతే. మాటలు ఎక్కడో పక్కింట్లో ఆడుతున్నట్టు వస్తున్నాయి. హెడ్‌ఫోన్లు పాతబడ్డాయని కొత్తవి కొన్నాడు. అవీ అంతే. ఈ కాలం వస్తువుల్లో పస లేదనుకున్నాడు. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం కూడా సరిగ్గా అందడం లేదు, పాపం పెద్దాయన గొంతు తగ్గిపోయిందని జాలిపడ్డాడు. రోడ్డు మీద బండ్లవాళ్ళు హారను కొట్టడం తగ్గించారు, ఊరికి కొంచెం మర్యాద వచ్చిందనుకున్నాడు. లోకమంతా నెమ్మదించిందని నమ్మాడే గానీ, చెయ్యి ఒక్కసారైనా తన చెవి దాకా పోలేదు. వింటున్న మీకు అర్థమైపోయింది. అతనికి కాలేదు. పాతికేళ్ళుగా ఏ చిక్కొచ్చినా మిషన్లో వెతికినవాడు ఈ చిక్కునూ మిషన్లోనే వెతికాడు.

చివరికి గ్రూపులో తానే అడిగాడు. అందరికీ చెప్పేవాడు అడగడం అదే మొదలు.

"నాకు ఫైల్లో సౌండు తక్కువొస్తాందప్పా. ఎవురికన్నా ఇట్లయితాందా?"

అన్న అడిగాడంటే అదొక పండగ. జవాబులు వరసగా వచ్చి పడ్డాయి. డ్రైవరు మార్చమని ఒకడు, వైరు మార్చమని ఒకడు, సాఫ్ట్‌వేరు తీసి మళ్ళీ వేసుకోమని ఇంకొకడు. జాషువా అన్నీ చేశాడు. ఏదీ కుదరక, ఆఖరికి కంప్యూటరును ఫార్మాటు చేసి తుడిచిపెట్టాడు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన పూల ఫ్రేములు, పల్లకి బొమ్మలు, రాలే గులాబీలు అన్నీ పోయాయి. మళ్ళీ మొదటి నుంచి పేర్చుకుని, ఆశగా ఒక పాట పెట్టి విన్నాడు. సౌండు తక్కువే వచ్చింది.

గ్రూపులో అందరూ అడుగుతున్నారు, అన్నా ఏమయిందన్నా అని. ఇంతమంది చెప్పినా కాలేదంటే తన పరువేం కాను? "ఫార్మాట్ కొట్టినాక సెట్టయిందప్పా" అని ఒక అబద్ధం పడేసి, వీడియోలోనే సౌండును తనకు వినపడేంత పైకి పెంచుకుని పనిలో పడ్డాడు.

ఆ పెంచిన సౌండుతో పోయిన మొదటి వీడియో ఎమ్మిగనూరులో పల్లవి అనే అమ్మాయి పెళ్ళిది. తెచ్చినవాడు హారూన్. హారూన్‌కు ఎమ్మిగనూరులో స్టూడియో ఉంది. అతను తీసిన ప్రతి పెళ్ళీ జాషువా చేతిలో పడాల్సిందే. ఏళ్ళ స్నేహం, మాట మీద నడిచే వ్యవహారం. వీడియో ఇచ్చిన కొద్ది రోజులకు పట్టపగలు హారూన్ ఫోను చేశాడు.

"ఏం చేసినావన్నా? ఆళ్ళు సుట్టాలందర్నీ పిల్సుకోని పెద్ద టీవీలో ఏసుకున్న్యారంట. తాళి కట్టేకాడికి వచ్చేసరికి ఇల్లు అదిరిపోయిందంట. నాదస్వరం చెవుల్లో సూది గుచ్చినట్లుందంటాండారు. సంటిపిల్లోడు జడుసుకోని యాడుపు నిలపల్యా. పెండ్లికూతురు అవ్వయితే లేసి బయటికే పోయింది."

"టీవీలో ఏమన్నా ఉండాదేమో సూడమను," అన్నాడు జాషువా.

"రెండు టీవీల్లో సూసినారన్నా."

ఫోను పెట్టేసి జాషువా ఆ తాళి కట్టే చోటే మళ్ళీ పెట్టి విన్నాడు. అతనికి అంతా సరిగ్గానే ఉంది. ఇంకాస్త పెంచి ఉండాల్సిందని కూడా అనిపించింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఇంకా మద్దెలనే తడుముతున్నాడు పాపం. గ్రూపులో మళ్ళీ అడిగితే అబద్ధం బయటపడుతుంది కనుక, ఆ ముక్కను కోసి జ్యోత్స్నకు ఒక్కదానికే పంపాడు.

జ్యోత్స్న ఎమ్మిగనూరు అమ్మాయి. పొలాల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటలు రికార్డు చేసి ఇంటర్నెట్లో పెడుతుంది. సౌండు పని మొదటినుంచీ చివరి దాకా జాషువా గొంతు విని నేర్చుకుంది. అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ వాయిస్‌లోనే మాట్లాడే ఆ అమ్మాయి ఈసారి ఎందుకో రాసి పంపింది.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. మీటరు మొదలు నుంచి చివరి దాకా ఎర్రలోనే ఉంది. అలిసిపోయిన చెవి మోసం చేస్తాది, మీటరు చేయదు అని మీరే కదన్నా నాకు చెప్పినారు. ఒక్కసారి డాక్టరుకి చూపించుకోండి."

సౌండు ఎంత ఉందో చూపే గీతను మీటరంటారు. పచ్చలో ఉంటే మంచిది, పసుపు దాకా పరవాలేదు, ఎర్రలోకి పోతే సౌండు పగులుతుంది. ఇది ఈ పనిలో అక్షరాభ్యాసం లాంటిది. జాషువాకు ముందు కోపమొచ్చింది. నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్ల తనకు చెప్పేదా అనుకున్నాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, ఉత్త కళ్ళతో మీటరును చూశాడు. ఎర్రగీత పై అంచును తన్నుకుంటూ ఉంది. దాన్ని పచ్చలోకి దించి, మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పురోహితుడి పెదవులు ఆడుతున్నాయి. డోలు కొట్టే చేతులు ఆడుతున్నాయి. అంత పెద్ద మేళం ఎక్కడికో వెళ్ళిపోయింది. జాషువాకు భయం వేసింది. ఇంత భయం అతను మునుపెప్పుడూ పడలేదు.

చెవుల డాక్టరు దగ్గరికి ఎస్తేరును తోడు తీసుకుని పోయాడు. డాక్టరు ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, వినపడినప్పుడల్లా వేలెత్తమన్నాడు. జాషువా వేలు ఎత్తేదానికంటే ఎదురుచూసేదే ఎక్కువైంది. ఎడమ చెవి చాలా పోయింది, కుడిది సగం మిగిలింది. మేళాలు, డబ్బాలు, హెడ్‌ఫోన్లు కలిసి చేసిన పని ఇది, పోయింది తిరిగి రాదు, చెవికి మిషను పెట్టుకుంటే మాటలు అందుతాయి, పాటలు మాత్రం మునుపటిలా ఉండవు అని డాక్టరు చెప్పాడు. కొంచెం గట్టిగానే చెప్పాడు.

బయటికొచ్చి నడుస్తూ నడుస్తూ ఎస్తేరు మార్కెట్టు మలుపు దగ్గర నిలబడి అంది:

"యేడాది నుంచి ఎనక నుంచి పిలిస్తే నువ్వు పలకడం ల్యా. నామింద యిసుగొచ్చిందేమో అనుకున్న్యా. అందుకే పిలవడమే మానుకున్న్యా."

జాషువాకు చెవి పోయిందన్న బాధ కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, వయసు మీద పడి ఆమె నెమ్మదించిందనుకున్నాడు. ఆమె మానుకుందని అనుకోలేదు. "ల్యా, యిసుగు కాదు," అన్నాడు. ఎస్తేరు అతని ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారి నడిచింది.

హారూన్‌కు చెప్పక తప్పలేదు. అతను ఎమ్మిగనూరు నుంచి వచ్చి, పైగదిలో స్టూలు మీద కూర్చుని, విని, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఎవురికీ చెప్పొద్దన్నా. చెప్తే ఒక్క పెండ్లి డిస్కు గూడా నీ గడప తొక్కదు, అన్నీ బళ్ళారికి పోతాయి. మీటరు సూసి చెయ్యి. సౌండు ఒక్కసారి ఆ జ్యోత్స్న పాపతో సూపించుకుందాం. ఎవురికి తెలుస్తాది?"

మంచి మాటే. జాషువాకూ అదే కావాలి. ఇంకే పని వచ్చు అతనికి? అట్లాగే చేశాడు. చెవికి మిషను పెట్టుకుంటే అందరికీ తెలిసిపోతుందని దాని జోలికి పోలేదు. వీడియోలు బాగానే పోతున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. గ్రూపులో వాయిస్‌లు వస్తే ఫోను కుడి చెవికి అదుముకుని వినేవాడు. అందకపోతే ఎస్తేరు విని, అతని మొహం చూస్తూ తిరిగి చెప్పేది. తమ్ముళ్ళ కష్టాలు ఆమె నోట వింటుంటే వింతగా ఉండేది. రెండరు అనే మాట ఆమెకు నోరు తిరిగేది కాదు.

శ్రావణ మాసం ముహూర్తాలు మొదలుకాకముందే, ఒక మధ్యాహ్నం అన్నాలవేళ తుగ్గలి నుంచి ఉరుకుందప్ప వాయిస్ వచ్చింది. ఉరుకుందప్ప పెళ్ళిళ్ళకు డీజే డబ్బాలు కడతాడు. ఖాళీ రోజుల్లో చిన్న చిన్న వీడియోలు మిక్సింగ్ చేసుకుంటాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు.

"అన్నా, నాకు గూడా నీ మాదిరే సౌండు తక్కువొస్తాందన్నా. ఎంత పెంచినా సాలడం ల్యా. ఏం చేయాల?"

జాషువా ఫోను దించేలోపే జవాబులు మొదలయ్యాయి. జాషువా అన్నకూ ఇట్లే అయింది, ఫార్మాట్ కొట్టినాక సెట్టయింది, నువ్వూ కొట్టు అని ఒకడు. అవునవును అన్న చెప్పినాడు, ఫార్మాటే మందు అని ఇంకొకడు. ఇంతలోకే ఆలూరు వాడొకడు తానూ పోయిన నెల కొట్టానని, కొన్నాళ్ళు బాగున్నట్టే ఉండి మళ్ళీ తక్కువైందని అన్నాడు. మళ్ళీ కొట్టు అని వాడికి సలహా వచ్చింది. పరువు కోసం తాను ఆడిన ఒక్క అబద్ధం వీళ్ళకు వైద్యమై కూర్చుంది.

అన్నం కలిపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే తన పని సాగుతుంది, ఎస్తేరు జీతానికి తోడు నాలుగు డిస్కులు వస్తాయి. తుగ్గలి కుర్రవాడు కంప్యూటరును తుడుచుకుంటాడు, డబ్బాల ముందు నిలబడి సౌండు ఇంకొంచెం పెంచుకుంటాడు, ఏడాదికో రెండేళ్ళకో అతని భార్య కూడా పిలవడం మానుకుంటుంది. చెప్తే ఈ గది మూతపడుతుంది. జాషువా చాలా అలిసిపోయి ఉన్నాడు. ఇంతమందికి ఇన్నేళ్ళు చెప్పింది చాలదా, ఇది కూడా నేనే చెప్పాలా అని మనసు మొరాయించింది.

"ఏమంటాండాడు ఆ పిల్లోడు?" అని అడిగింది ఎస్తేరు.

"సౌండు తక్కువొస్తాందంట."

ఆమె కంచం తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కోమని చెంబు అందించింది.

జాషువా చెయ్యి కడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోనులో ఒక్కొక్క అక్షరం వెతికి తెలుగులో కొట్టాడు. ఒత్తులు కుదరలేదు, చాలాసేపు పట్టింది.

"నాకు సెట్ కాలేదప్పా. అబద్దం చెప్పినాను. సిస్టం బాగానే ఉండాది. పోయింది నా చెవులు. ఎడమది శానా పోయింది. కంప్యూటర్ని ముట్టొద్దు ఉరుకుందప్పా. ముందు డబ్బాల కాడ నిలబడేది మాను. ఇంకమీద నాకు వాయిస్ పెట్టొద్దండి, రాసి పెట్టండి."

గ్రూపు ఆగిపోయింది. రోజంతా కోడిపిల్లల్లా కిచకిచలాడే గ్రూపులో ఒక్క శబ్దం లేదు. అయిపోయింది అనుకున్నాడు జాషువా. హారూన్ నుంచి ఫోను వచ్చింది, ఎత్తలేదు. తర్వాత ఉరుకుందప్ప రాశాడు. "అన్నా, ఇది సెట్ కాదా?"

"కాదు," అని కొట్టాడు జాషువా. ఇన్నేళ్ళలో ఆ గ్రూపులో అతను ఇచ్చిన జవాబుల్లో ఇంత చిన్నది లేదు. కొట్టాక దుఃఖం ఆగలేదు. కాసేపయ్యాక మళ్ళీ రాశాడు. "ఉండేది కాపాడుకోవల్ల. సోమవారం ఆదోనికి రా. నేను చూపిస్తా."

ఆలూరు వాడు రాశాడు, నేనూ రావచ్చా అన్నా అని. మంత్రాలయం నుంచి బ్యాండుతో తిరిగే కెమెరావాడు రాశాడు. ఎవరికీ చెప్పొద్దన్న హారూన్ అందరికంటే చివర, ఇంగ్లీషు అక్షరాల్లో, తనకు రోజూ రాత్రి చెవుల్లో ఈల మోగుతుందని, ఈల మోగబట్టి మూడేళ్ళని రాశాడు.

సోమవారం నాడు డాక్టరు గది బయట బెంచీ మీద వాళ్ళంతా వరసగా కూర్చున్నారు. ఏళ్ళ తరబడి ఒకరి గొంతు ఒకరు ఎరిగినవాళ్ళు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారు. చివరన ఎస్తేరు కూర్చుంది. వాళ్ళు కెమెరాల గురించీ, ముహూర్తాల గురించీ గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు. పక్కన చంటిబిడ్డతో వచ్చిన తల్లి వాళ్ళ వైపు చిరాగ్గా చూసి, లేచి అవతలికి పోయి కూర్చుంది.

కాంపౌండరు తలుపు తీసి మొదటి పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. బెంచీ మీద ఒక్కరూ తలతిప్పలేదు. ఎస్తేరు లేచి పోయి ఉరుకుందప్ప భుజం తట్టింది.